జీతం లేని పనికి మనుషులు కావలెను

అని రాసి అంటించాను
ఏలూరు రోడ్డులో, మూతబడ్డ ప్రెస్సు షట్టరు మీద.
ఒక పక్క డ్రైవింగ్ స్కూలు, ఇంకో పక్క మూలశంకకు మందు.
మైదా జిగురు ఆరకముందే
సైకిలాపి ఒకాయన చదివి నవ్వాడు:
"జీతం లేని పనికైతే
మా ఇంట్లోనే ఉన్నాను గదండీ, ముప్పై ఏళ్ళుగా."

పనేమిటో చెప్పడమే కష్టం.
మనిషికి తనకంటూ నాలుగు మాటలు రాసుకునే చోటు కావాలి గదా,
పద్దో, పద్యమో, పచ్చడి కొలతో, పక్కవాటా గొడవో.
ఆ చోటు కట్టిపెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటుంది.
దానికి యజమాని లేడు, తాళం లేదు.
ఎవరైనా విప్పి చూడొచ్చు,
బాగుచేసి మళ్ళీ అక్కడే పెట్టొచ్చు.
అంతా బానే ఉంది గాని
దానికి తెలుగు సగమే వచ్చు.
"రద్దును రద్దు చేయుటకు రద్దు నొక్కుము" అంటుంది.
వరస చివర "స్త్రీ" వస్తే
నడుం విరిచి
సగాన్ని కింది వరసలోకి తోస్తుంది.

ఆదివారం నాలుగింటికి, గవర్నరుపేటలో
ట్యుటోరియల్ వాళ్ళ మేడ గది అడిగి తీసుకున్నాను.
పదిహేను కుర్చీలు వేశాను.
కరెంటొచ్చింది. మనుషులు రాలేదు.

నాలుగున్నరకి ఇద్దరు బీటెక్ పిల్లలు.
"సర్టిఫికెట్ ఇస్తారా సార్?"
లేదన్నాను. ఒకడు ఫోను చూసుకుంటూ దిగిపోయాడు.
రెండోవాడు, జోయెల్,
ఎందుకో ఆగాడు.
అయిదింటికి వీరరాఘవయ్య గారు,
నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దిన చెయ్యి,
జేబులో ఇంకా ఎర్ర కలం.
"మిషను ముట్టుకోను. కాగితం మీద ఇస్తే చూస్తా."
ఇచ్చాను. మొదటి పేజీలోనే ముప్పై ఒక్క తప్పులు.
ఆయన ముఖం చూడాలి,
పదేళ్ళ తర్వాత ఆకలేసినవాడిలా ఉంది.

ఎస్తేరు చివర్న వచ్చింది,
సింగ్‌నగర్ నించి, రెండు ఆటోలు మారి.
బ్లౌజులు కుడుతుంది. కుర్చీ అంచున కూచుంది.
"బుడమేరు ఇంట్లోకొచ్చినప్పుడు
మిషను మోటారు పోయిందండి.
కొలతల పుస్తకం ముద్దయిపోయింది.
రాత్రిళ్ళు ఫోనులో రాసుకున్నయ్యి మాత్రం
ఎక్కడో పొడిగానే ఉన్నయ్యి.
ఎవరింట్లో ఉన్నయ్యవి?
ఆళ్ళకి అద్దె ఎవరిస్తన్నారు?"

నేను చాలాసేపు మాట్లాడదామనుకుని
ఏమీ మాట్లాడలేకపోయాను.

ప్రూఫాయనే అన్నాడు, కాగితం మీంచి తలెత్తకుండా:
"ఉయ్యూరు దిగువన మాది. ఎండాకాలం కాలవ కట్టేస్తే
పూడిక తియ్యడానికి ఇంటికో పార వెళ్ళేది.
సెంటు భూమి లేని దాలయ్య కూడా వచ్చేవాడు.
నీకెందుకురా అంటే,
దాహం నాకూ వేస్తది గదండీ, అనేవాడు."

ఎస్తేరు కొంగుతో నుదురు తుడుచుకుంది.
"నాకు ఇంగ్లీషు రాదు. కోడూ గీడూ తెలవదు.
పిగిలిన చోటు చూపిస్తే
కుట్టిప్పి మళ్ళీ కుట్టటం వచ్చు."

చూపించాను, రద్దు మీద రద్దును.
చదివి, పెద్దగా నవ్వి,
"మనిషైతే ఇట్టంటాడా?
'వద్దులే, ఉండనీ' అంటాడు."

జోయెల్ ఆ మాటే కొట్టి పంపాడు.
వీరరాఘవయ్య గారు "వద్దులే" తర్వాత కామా పెట్టించారు.
రాత్రి పదకొండింటికి
ఏ దేశంలోనో, తెలుగు ముక్క రాని ఎవరో
బాగుందని ఒప్పుకున్నారు.
"స్త్రీ" ఇంకా విరుగుతూనే ఉంది,
దాని సంగతి వచ్చే వారం.

సోమవారం షట్టరు ముందునించి వెళ్తుంటే
నా కాగితం కింద ఎవరో
పెన్సిలుతో రాశారు:
"టీ ఉంటుందా?"

జేబు తడుముకుని, కలం తీసి
"ఉంటుంది" అని రాశాను.