నూట ఇరవై రూపాయల తాడు

తెల్లారి మూడుంబావుకి
కొర్లగుంటలో మా సందులో లైటు నాదొక్కటే.
నాలుగున్నర పాకాల బండికి డ్యూటీ.
గట్టు మీద ఆ పచ్చ డబ్బా,
లోపల మూడు రెక్కల కత్తి,
మూత పక్కన వేలాడే తాడు.
ఈ పొద్దు తేల్చేస్తాను దీని సంగతి:
ఉంచేదా,
పాతసామాన్లోడికి వేసి
అరకిలో ఎర్రగడ్డలు పుచ్చుకునేదా.

గాంధీరోడ్డు మీద అమ్మినవాడు మాటకారి.
క్యారెట్టు వేసి నాలుగు లాగులు లాగి
ముత్యాల్లాగ అరచేతిలో పోసి చూపించాడు.
"కన్నీళ్ళతో పనే లేదక్కా" అన్నాడు.
నూటయాభై చెప్పి నూటిరవైకి దిగాడు.
వాడి క్యారెట్టు ముందే సగం తరిగిందని
ఇంటికొచ్చి నాది వేశాక తెలిసింది.
కన్నీళ్ళంటావా,
అవి మూత తీసేదాకా ఆగుతాయి, అంతే.

ఎర్రగడ్డ నిండుగా వేస్తే తిరగదు.
నాలుగు చెక్కలు చెయ్యాలి.
చెక్కలకి కత్తి కావాలి.
కత్తి చేతికొచ్చినాక ఇంక ఇదెందుకని
పక్కింటి రెడ్డెమ్మత్త అడిగిన ప్రశ్నకి
నా దగ్గర ఈ రోజుకీ చిల్లర లేదు.

టమేటా వేస్తే చారు.
కొత్తిమీర ఇరుసుకి చుట్టుకుంటుంది.
పచ్చిమిరపకాయ ఒకటి ప్రతిసారీ తప్పించుకుంటుంది,
టికెట్టు తీయని మనిషిలాగ
గోడకానుకొని, ఎటో చూస్తూ.
వేయించిన చెనిగ్గింజలు మాత్రం
పలుకు పలుకుగా వస్తాయి. అది ఒప్పుకోవాలి.
కోసేది అర నిమిషం.
కడిగేది నాలుగు ముక్కలు, మూడు నిమిషాలు,
కొళాయి దినం తప్పి దినం వచ్చే వీధిలో.
మూతలోకి నీళ్ళు పోతే
రెండు దినాలు గొంతు పట్టినట్టు గరగరమంటుంది.

రెడ్డెమ్మత్త కత్తిపీట ముందు కూర్చుంటే
నోరూ ఆగదు, చెయ్యీ ఆగదు.
గంగజాతరకి గంపెడు వంకాయలు
కబుర్లు సగంలో ఉండగానే అయిపోతాయి.
నా డబ్బాని ఒక్కసారి తిప్పి చూసి
"ఇది కొయ్యదు మేయ్,
కొట్టి సంపుతాది" అంది.

కొబ్బరి వేసిన రోజు తాడు తెగింది.
అప్పుడే పారేసుంటే పోయేది.
డిపోలో తుక్కుకి పోయే పాత బండి నుంచి
గంట తాడు మూరెడు కోసి తెచ్చి
నేనే ముడేశాను.
అప్పట్నుంచీ లాగినప్పుడల్లా
నా చెవిలో టింగుమంటుంది.
ఒకటి లాగితే ఆపు, రెండు లాగితే పోనీ.
బస్సుకి సరే, ఎర్రగడ్డకి?
ఐదుకి ముక్కలు, పదికి ముద్ద,
మధ్యలో ఎక్కడో దిగాలి.
అక్కడ బోర్డు లేదు.

ఒక ఎర్రగడ్డ కత్తితో కోశాను.
ఒకటి దీంట్లో లాగాను.
గడియారం చూశాను.
కత్తి గెలిచింది. బాగా గెలిచింది.
తుక్కు సంచి తీశాను,
మూత చివరిసారి తిప్పి చూశాను.

లోపలి అంచున
ఒక బొరుగు అంటుకొని ఉంది.

నేనెప్పుడూ దీంట్లో బొరుగులు వెయ్యలేదు.
మా మొగిలేశు ఆరో క్లాసు.
మొన్న వేలు తెగ్గోసుకున్నప్పటి నుంచి
కత్తి ముట్టొద్దని ఒట్టు వేయించుకున్నాను.
నేను బండెక్కే రోజుల్లో
ఇడ్లీకని ఇరవై రూపాయలు డబ్బా కింద పెట్టిపోతాను.
వీడు లేచి, పళ్ళు తోమో తోమకో,
చెక్కలు ఎట్లా చేశాడో, పళ్ళతోనే కొరికాడో,
తాడు లాగి,
బొరుగుల్లో ఎర్రగడ్డలు కలుపుకొని
ఒక్కడే తిని, కడిగి, బోర్లించి
బడికి పోతున్నాడన్నమాట.
కడగడం చేతకాలేదు. బొరుగు మిగిలింది.

ఆ ఇరవైలన్నీ ఎక్కడికి పోతున్నాయో
సాయంత్రం వచ్చి అడగాలి.

సంచి మడిచాను.
ఎర్రగడ్డలు రెండు చెక్కలు చేసి గిన్నెలో మూత పెట్టాను.
డబ్బా అటక మీదికి పోలేదు,
కింద అరలోకి వచ్చింది,
తాడు బయటికి వేలాడేటట్టు.
కత్తి పైకి పోయింది.

నాలుగైంది.
చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగినా
వాసన పోలేదు.
టికెట్టు మిషనుకీ అంటుకుంటుంది,
పాకాల దాకా.