తీగ మీద పదకొండు నిమిషాలు

క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు
అనే సామెత ఆ కొండ మీద ఎవరికీ తెలియదు.
బసీలియా తార్కీకి మాత్రం
దాని అర్థం మోకాళ్ళలో తెలుసు.

మూడున్నరకి లేస్తుంది.
ఊదా మొక్కజొన్నలు దాల్చినచెక్కతో ఉడకబెట్టి
ఎల్ ఆల్తో సంత మూలన చలికి వణికే చేతులకి
గ్లాసు గ్లాసు పోస్తుంది.
ఏడింటికి గిన్నె బోర్లించి
కొడుకు చొక్కాకి బొత్తాం కుట్టి
వడ్డీవాడికి రేపని చెప్పి
ఎనిమిదింటికల్లా లోయ అడుగున, లా పాజ్‌లో,
ఆసుపత్రి చాకిరేవు గదిలో ఉండాలి.
నిన్నటి లెక్క నాలుగు వందల పన్నెండు దుప్పట్లు.
అన్నీ తెలుపే.
ఒక్కటీ ఎండ మొహం ఎరగదు.

ఈ రెండు పనుల మధ్య
ఒక ఉక్కు తీగ,
తీగకి వేలాడే ఎర్ర డబ్బా,
పదకొండు నిమిషాలు.

గాల్లో ఉన్న మనిషిని
ఎవరూ గిన్నె తోమమనరు.

కింద ఇటుక ఇళ్ళు, రేకుల కప్పులు,
ఒక కప్పు మీద ఒంటిచెవి కుక్క.
దాని పేరు మంత్రిగారు.
ఆమే పెట్టుకుంది,
ఏ పనీ లేకుండా పొద్దున్నే ఎండ కాగుతాడు కనక.
డబ్బా నీడ మీదుగా పోతే
ఒక కన్ను తెరుస్తాడు,
ఫైలు మీద సంతకం పెట్టినంత బద్ధకంగా.
ఆమె వేళ్ళు రెండు లేపుతుంది.
ఎవరూ చూడరు.
అంతే, ఆ రోజుకి అది చాలు.
చాలని రోజులూ ఉంటాయి,
వాటి గురించి ఆమె మాట్లాడదు.

మొన్న బుధవారం గాలి లేచింది.
డబ్బా ఆగింది,
సరిగ్గా శ్మశానం మీద.

టై కట్టినాయన ఫోను తీశాడు, అధికారికి.
బడిపిల్ల ఫోను తీసింది, పరీక్ష ఉంది.
ఇద్దరు అక్కచెల్లెళ్ళు శిలువ గుర్తు వేసుకున్నారు.
బసీలియా మనసులో కూడికలు, తీసివేతలు:
అరగంట ఆలస్యానికి గంట జీతం కోత,
గంట జీతమంటే ఎన్ని గ్లాసులు?
మూల కూర్చున్న ముసలాయన ఒళ్ళో
చుట్టలు చుట్టిన ఏనుగు తొండం లాంటి ఇత్తడి బాకా.
రెండు సీట్లు దానికే.

డబ్బా ఊగింది.
ఎవరికీ నోట మాట లేదు.
ఏం చెయ్యాలో తోచక
బసీలియా ఏప్రాన్ జేబులోంచి కమలాపండు తీసి ఒలిచింది.
పది తొనలు, ఆరుగురు మనుషులు.
లెక్క తెగలేదు.
మొదటిసారి
లెక్క తెగకపోవడం బాగుంది.

పులుపుకి టై ఆయన మొహం చిట్లించాడు,
బడిపిల్ల కిసుక్కుమంది.
"తాతా, అది మోగుతుందా, ఊరికే మోస్తున్నావా?"
ముసలాయన చెయ్యి తుడుచుకుని
పెదాలు తడుపుకుని
ఒకే ఒక్క స్వరం ఊదాడు.

భోం.

అద్దాలు వణికాయి.
సీటు వణికింది, సీటు మీది ఎముకలు వణికాయి,
పళ్ళ మధ్య పండు పీచు వణికింది.
కింద సమాధుల మీద పావురాలు
ఒక్కసారిగా లేచాయి.
"వాళ్ళని లేపేస్తావయ్యా!" అంది పెద్దక్క, కిందికి చూపిస్తూ.
అంతే, ఆరుగురూ నవ్వు.
టై ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నంత నవ్వు.

తర్వాత తీగ కదిలింది.
స్టేషన్‌లో ఎవరి దారి వాళ్ళది.
పేర్లు కూడా అడుక్కోలేదు.

గంట జీతం కోసేశారు.
"ఎందుకాలస్యం?" అంటే
"గాలి" అంది.
నూట ముప్ఫయ్యో దుప్పటి మడతలో
గోళ్ళ నించి కమలా వాసన.
నూట నలభయ్యోదానికి
నోటితో చిన్నగా "భోం" అని చూసింది.
పక్క బల్ల దగ్గర డొమితీలా ఆగి చూసి
ఏమీ అడక్కుండా
"భోం" అంది.

రాత్రి తిరుగుదారిలో
కొండంతా దీపాలు, కప్పులన్నీ చీకటి.
మంత్రిగారు ఉన్నాడో లేదో.
పాదాలు వాచాయి. రేపు వడ్డీవాడికి
ఏం చెప్పాలో తెలియదు.
అయినా సరిగ్గా ఆ కప్పు మీదికి వచ్చేసరికి
వేళ్ళు రెండు
వాటంతటవే లేచాయి.