నల్లమూల

మైనొద్దీన్ సాబు భట్టీ మాకు అమ్మేటప్పుడు
రేకులు లెక్కవెట్టి ఇచ్చిండు, అచ్చులు లెక్కవెట్టి ఇచ్చిండు,
పొడుగు కట్టె పార రెండు చేతులతోని ఇచ్చిండు.
కుడిదిక్కు మూల మీది మరక ముచ్చట మాత్రం చెప్పలే.

లోపలికి లైటు కొట్టి చూస్తే కనవడ్డది.
తాండూరు బండ, రెండంగుళాల మందం,
దాని మీద జానెడు నలుపు,
అంచులు బెల్లంపాకం లెక్క మెరుసుకుంట.
"ఇట్లుంటే ఎవలు కొంటరు మన బన్నులు?" అన్నది ఈదమ్మ,
బన్ను కొనేటోడు భట్టీల తలకాయ వెట్టి చూస్తడన్నట్టు.

మూడు రోజులు సల్లారనిచ్చినం.
నాలుగో రోజు నడుము దాక లోపలికి దూరి
గీకుడు మొదలువెట్టిన.
ముందుగాల ఇనుప గంటె,
తర్వాత గోడ సున్నం గీకే రేకు.
తినే సోడా ముద్ద చేసి పట్టిచ్చి రాత్రంత ఉంచిన.
పొద్దుగాల చూస్తే సోడా పచ్చగైంది,
మరక మరకనే.
సిర్కా పోస్తే బండ బుసకొట్టింది,
మరక ఉలకలే.
నిమ్మచెక్క. గళ్ళుప్పు.
ఇటుక పొడి చేతిలకు తీసుకున్నంక
ఆగిన.

ఈ ఇటుక పొడి నాకెరుకే.
మర్రిగూడ దిక్కు మా ఊర్లె,
తొమ్మిదేండ్లప్పుడు,
బోరింగు పక్కన గొంతు కూసొని
ఇదే పొడి, ఇదే ఉప్పు ఏలుకు అద్దుకొని
పండ్లు తోమిన, చిగుర్లు పగిలేదాక.
క్యాంపుకొచ్చిన డాక్టరమ్మ నా గదువ పట్టి పైకెత్తి
"ఎందుకమ్మా అంత గీకుతున్నావ్? ఇది పైన అంటింది కాదు,
మీ నీళ్ళతో లోపలే పుట్టింది" అన్నది.
ఆమె పండ్లు ఎంత తెల్లగున్నయో
అదే చూసుకుంట కూసున్న, మాట సగమే ఇన్న.
అప్పటిసంది నవ్వొస్తే చెయ్యి అడ్డమొస్తది,
అడుగకుండనే.

అయినా పంతం.
సర్ఫు నీళ్ళు కుమ్మరిచ్చిన.
బండ తాగింది.
ఎంత పోస్తె అంత తాగింది, ఎండకాలం బర్రె లెక్క.
శనివారం మొదటి వాయి తీసినం:
నలభై బన్నులు, పొంగినయి, రంగొచ్చినయి,
కొరికితే చాకిరేవు వాసన.
ఆ పొద్దుమూకి సంఘం మీటింగుల
కిస్తీ రాసుకుంట సారెమ్మ ఒక్కటే మాట అడిగింది:
"మరి జాడిచ్చి ఆరేసినవా, బన్నులు?"

తెల్లారి సాబును పిలిపిచ్చినం.
మోకాళ్ళ నొప్పులు, ఆటోల వచ్చిండు.
బండను వాసన చూసిండు, నా దిక్కు చూసిండు,
"బండకు సబ్బు వెట్టిన్రా? యా అల్లా!
పగలలే, మీ నసీబు."
ఏం పొయ్యకు, ఏం పుయ్యకు,
ఒట్టి మంట వెట్టు, ఆరు గంటలు, అన్నడు.
సబ్బు పొగయ్యి పోయింది.
సోడా తెల్లగ పొడి రాలింది.
పాత చీపురుతోని ఒకసారి ఊడ్చి
"గింతే కడుగుడు" అని చేతులు దులుపుకున్నడు.

మరి ఈ నలుపు, సాబ్?
ఏ రంజాన్ల పొంగింది, ఏ పాకం?
"నాకేమెరుక? పదమూడేండ్లకు పనికొచ్చిన ఈడికి.
అప్పటికే ఉన్నది.
మా ఉస్తాదు రోజు నాతోని గీకిచ్చేటోడు.
ఆయన్ను అడిగితే
ఆయనతోని ఆయన ఉస్తాదు గీకిచ్చిండట."

నాకు నవ్వొచ్చింది.
మోచేతుల దాక బూడిద,
చెయ్యి అడ్డం పెట్టే యాళ్ళ దొరకలే.
సాబు కూడ నవ్విండు, ఆయనవి పాన్ పండ్లు,
మందారమంత ఎరుపు.

ఇప్పుడు ఆ మూల మీద నాలుగు బన్నులు పడ్తయి.
అడుగు జర ఎక్కువ కాల్తది,
పైనుంచి చూస్తే తెల్వది.
దేవరకొండ బస్టాండు కాడ చాయ్ పోసే జంగయ్య
తిరిగేసి, ఏలుతోని కొట్టి, చప్పుడు ఇని
అవ్వే ఏరుకుంటడు.
మూడే ఇస్త.
ఖిల్లా గుట్ట ఇంక చీకట్ల ఉండంగనే
నాలుగోది చాయ్‌ల ముంచుకొని
ముందు పండ్లతోని కొరుకుత.