ఏడు చుట్లు

రెండు బృందాలకి ఒకే వ్యాను,
ఒకే డ్రమ్ముల సెట్టు,
డ్రమ్ముల వెనక ఒకే స్టూలు.
పోస్టరు మీద వాళ్ల పేరు గుమ్మడికాయంత, మాది ఆవగింజంత.
పెట్రోలు మాత్రం చెరిసగం.

ఓవిడియో ఆరడుగుల మూడంగుళాలు.
ఎదురుగా నిలబడితే నాకు అతని చొక్కా జేబు కనిపిస్తుంది,
అందులో ఎప్పుడూ ఒక విరిగిన బిస్కెట్టు.
అతని ఎత్తున ఉన్న స్టూలెక్కితే నా కాళ్లు
మంగలి కుర్చీలో పీట వేసి కూర్చోబెట్టిన పిల్లకి మల్లే వేలాడతాయి.
అందుకని రోజూ మా వంతుకి ముందు
ఏడు చుట్లు కిందికి తిప్పుతాను.
మా పాటలయ్యాక, లైట్లు ఆర్పిన ఆ రెండు నిమిషాల్లో
అతను ఏడు చుట్లు పైకి తిప్పుకుంటాడు.
మర కిర్రు కిర్రుమంటుంది. ఎవరూ నూనె వెయ్యరు.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు.
ఒరకి మర ఉంటే ఇముడుతాయి.

త్రెలెవ్ దాటాక రోడ్డుకి వంపన్నది లేదు,
వంపులన్నీ గాలివే.
కంచెకి చిక్కుకున్న ప్లాస్టిక్ సంచులు
కిలోమీటర్ల కొద్దీ చప్పట్లు కొడతాయి.
నిన్నటి హాల్లో కన్నా ఎక్కువమంది, అంటుంది మైతేన్.
ఫాస్టో బండి నడుపుతాడు, తిడతాడు, మళ్లీ నడుపుతాడు.
వెనక సీట్లో ఎలీసెయో బాండోనియన్ పెట్టెని
జ్వరమొచ్చిన బిడ్డలా ఒళ్లో పెట్టుకుని నిద్రపోతాడు.
మాతే బుర్ర చేతులు మారుతుంది:
ఒకే చేదు, ఒకే గొట్టం, ఎనిమిది నోళ్లు.
ఎంగిలని ముఖం తిప్పుకునేవాళ్లు
ఈ దారిలో దాహంతో పోతారు.

పోట్లాటలు లేవనను.
కొమొదోరోలో చివర ఎవరు వాయించాలని
రెండు గంటలు కొట్టుకున్నాం.
వచ్చింది ముప్పై ఒక్కరు, అందులో ఐదుగురు హోటలు వాళ్లే.
ఆ కోపంలో, ఓవిడియో తాళం
వెంట్రుకవాసి వెనకబడుతుందని
అందరి ముందూ అనేశాను.
అతను బిస్కెట్టు నములుతూ విన్నాడు.
"వెనకబడుతుంది," అన్నాడు. అంతే.

కలేతా ఒలీవియాలో ఫోను వచ్చింది.
చమురు బావిలో ఉద్యోగం. సెలవు రద్దు.
ఫిట్స్ రాయ్ దగ్గర పెట్రోలు బంకులో దిగిపోయాడు,
ఒక సంచి, ఒక జత పుల్లలు.
గాలికి వ్యాను తలుపు తెరుచుకోనంటే
లోపల్నుంచి ముగ్గురం తోశాం,
మూసుకోనంటే బయటినుంచి అతనొక్కడే తోశాడు.
వీడ్కోలు చెప్పడానికి ఎవరికీ చెయ్యి ఖాళీ లేదు.

ఆ రాత్రి సాన్ హులియాన్‌లో రెండు బృందాలకీ నేనే.
మా పాటలయ్యాయి. లైట్లు ఆర్పారు.
స్టూలు దిగి, వంగి, చీకట్లో
ఏడు చుట్లు పైకి తిప్పాను.
ఎవరికోసమని అడక్కండి, చెయ్యి అలవాటుపడింది.
కడ్డీ మీద వేలికి ఏదో గరుకుగా తగిలింది.
ఫోను వెలుగులో చూశాను:
గోళ్ల రంగుతో రెండు గీతలు,
పైన ఒకటి, ఏడు చుట్ల కింద ఒకటి.
మైతేన్ వాడే ఎర్ర రంగే, ఎప్పుడు అడుక్కున్నాడో.
కింది గీత పక్కన నా పేరులో మొదటి అక్షరం.
పై గీత పక్కన ఏమీ లేదు.

అలాగే ఎక్కి కూర్చున్నాను.
బొటనవేలు మాత్రం పెడలుకి అందింది.
వాళ్ల మొదటి పాట.
కాలు సాచి కొట్టే ఆ వ్యవధిలో
తాళం వెంట్రుకవాసి వెనకబడింది.
ఎలీసెయో వాయిస్తూనే తల తిప్పి
రోజూ అతన్ని చూసినట్టే నన్నూ చూసి
మళ్లీ కళ్లు మూసుకున్నాడు.
మైతేన్ ఆ సందులో ఊపిరి తీసుకుంది.
మూడు వారాలుగా ఆమె ఊపిరి తీసుకునేది
అక్కడేనని ఇవాళ విన్నాను.

రెండో పాటకి ముందు స్టూలు కిందికి తిప్పుకున్నాను,
ఆరు చుట్లు.