మసక ఫిల్ము

ఆదివారం. లోకల్ కేబుల్లో కుక్కల పోటీ.
ఆదోని మున్సిపల్ గ్రౌండులో సున్నం గీతలు,
షామియానా కింద వరసగా కప్పులు,
యాంకరు పిల్ల గొంతు పత్తి మార్కెట్టు వేలంపాట మాదిరి.
నేను ఉల్లిగడ్డలు కోస్తా చూస్తాండా.

ఓబులేసు కుక్క వచ్చినాది. బుల్లెట్టు దాని పేరు.
జర్మన్ షెపర్డ్. నల్లగొంగడి కప్పినట్టుండే వీపు,
మెడ కాడినుంచి తోక దాకా
జారుబండ.
జడ్జి పండ్లు చూసినాడు, చెవులు చూసినాడు,
వీపు మింద చెయ్యి నిమిరి
"ఏం వాలు, ఏం వాలు!" అన్నాడు.
చప్పట్లు.

నాకు ఆ వాలు తెలుసు.
దాని లోపల ఏముండాదో
ఈ ఊర్లో ముగ్గురికే తెలుసు,
నోరులేని బుల్లెట్టును కలిపితే నలుగురం.

ముందటేడు ఆషాడంలో
ఆఖరు పేషెంటు పోయినాక, రాత్రి పదిన్నరకు
మా ఎక్స్‌రే సెంటరు ఎనక తలుపు కొట్టినాడు.
దుప్పట్లో చుట్టి ఇద్దరు మోసుకొచ్చిరి.
పశువుల డాక్టరు మత్తుసూది ఏసినాడు.
"కుక్కలకు మిషను యాడుందక్కా మన ఊర్లో,
నువ్వే దిక్కు."
రిజిస్టర్లో రాసినా:
పేరు బి. ఓబులేసు. వయసు రెండు. మగ.

ఎల్లకిల పండబెట్టి
ఎనక కాళ్ళు బారుగా లాగి పట్టినాం.
మత్తులో గూడా కదిలినాది. మొదటి ఫిల్ము మసక.
రెండోది తేట.
రోట్లో పొత్రం కూచున్నట్టు కూచోవాల
తుంటి గుంతలో ఎముక గుండు.
ఇక్కడ రోలు పళ్ళెమైపోయినాది,
పొత్రం అంచుకొచ్చి
ఎప్పుడు దొర్లుదామా అని చూస్తాంది.

"దీన్ని జతకు ఇయ్యొద్దు" అన్నాడు డాక్టరు.
"పుట్టుకతో వచ్చినాది, పుట్టేవాటికీ పోతాది."
"పరిగెత్తుతాడు గదా సార్,
నొప్పని ఒక్కనాడన్నా అన్నాడా వాడు?"
తేట ఫిల్ము మడిచి చంకలో పెట్టుకోని పాయె.

ఆ ఏడు మూడు ఈతలు. పంతొమ్మిది పిల్లలు.
ఒకటి ఎమ్మిగనూరు పాయె, ఒకటి ఆలూరు,
ఒకటి పిండి గిర్ని సవారమ్మ ఇంటికి,
చీటీ పాడిన డబ్బులు పదహారువేలు పోసి.
పది నెలలకు అది
కుందేలు మాదిరి రెండుకాళ్ళూ ఒకేతూరి ఎత్తి దుంకబట్టె,
తరవాత దుంకడమూ మానె.
గిర్నికి మూడే మెట్లు.
కిందనే నిలబడి లోపలికి చూసేదంట.
"ఎవురి దిష్టో మెహరునక్కా,
లేకుంటే నా ఇంటి గడపే మంచిది కాదేమో."
ఆమె మోచేతుల దాకా జొన్నపిండి.
గొంతుకొచ్చిందాన్ని నేను మింగితి.
రిజిస్టరు అబద్ధం నాది గదా.

మనిషి పెండ్లికైతే
ముత్తాత ఉబ్బసం గూడా తవ్వి తీస్తాం.
కుక్కపిల్లకు రంగడుగుతాం,
చెవులు నిలబడతాయా అనడుగుతాం,
డబ్బులిస్తాం.

ఆ మసకది బీరువా కింద ఉండాది.
పారేద్దామని తెచ్చిందే.
ఉల్లిగడ్డల చెయ్యి తుడుచుకోని
తీసి టీవీకి అడ్డం పట్టినా.
బుల్లెట్టు పరిగెత్తుతాండాడు
వాని ఎముకల ఎనక, వాడే.
వెలుతురు గుంతలోకొచ్చి నిలబడకుండా జారిపోతాంది.
మసకలో గూడా తెలుస్తాంది.

కప్పిచ్చినారు. ఓబులేసు మొగం దగ్గరగా చూపిరి.
నవ్వుతాండాడు, సరే.
ఎడమచెయ్యి మాత్రం కుక్క నడుము కింద
ఎవురికీ కనపడకుండా ఆనించినాడు,
బీటలిచ్చిన గోడకు వాసం పెట్టినట్టు.
కన్ను బాగున్న కెమెరా గాదు, చూడలేదు.

రాత్రి తొమ్మిదికి ఫోను.
"అక్కా... ఆ ఫిల్ము నేను అప్పుడే చింపేస్తి.
నీ కాడేమన్నా..."
ఎనకాల, నాపబండల మింద
గోర్లు జారే చప్పుడు.
లేచి, జారి, మళ్ళా లేచి.

ఎందుకని అడగలేదు.
మసకది ఒకటుండాది, తెల్లారి వచ్చి తీసుకపో, అంటి.
సవారమ్మ గిర్ని ఆరుకు తెరుస్తాది.
ఆ దావనే రా, అంటి.