ముప్ఫై అయిదో నంబరు బస్సు

పొద్దున ఆరున్నరకి బాన్ఫ్ డిపోలో
తాళం తిప్పేసరికే నా నోట్లో ఉంటుంది ఆ మాట,
రుచి పోయినా నమలడం మానని చూయింగ్ గమ్‌లా:
మైండ్.

"మైండ్ ద స్టెప్" అంటాను దిగేవాళ్లతో.
మెట్టు చూసుకో, అంతే.
అందులో మెదడూ లేదు, మనసూ లేదు,
వాననీళ్లు కారే రబ్బరు పట్టా తప్ప.

మాక్‌డఫ్‌లో ఎక్కే కుర్రాడు
చేపల ఫ్యాక్టరీ బూట్లు ఎదుటి సీటు మీద పెట్టి
"డు యు మైండ్?" అంటాడు, పెట్టేశాక.
ఇంట్లో రోనాని టీయా కాఫీయా అని అడిగితే
"ఐ డోంట్ మైండ్" అంటుంది.
ఇరవై రెండేళ్లుగా ఏది కలిపిచ్చినా
కావలసింది రెండోదని తర్వాత తెలుస్తుంది.

మా తీరంలో ఆ మాటకి ఇంకో పని ఉంది,
లండన్ వాళ్లు ఎరగరు.
గుర్తుండటం.
"ఆ తుఫాను మైండ్ ఉందా?" అంటారు
రేవు గోడ మీద ముసలివాళ్లు.
"ఉంది, ఉంది" అంటారు పక్కవాళ్లు.
ఆ తర్వాత చాలాసేపు
ఎవరూ ఏమీ అనరు.

ఎల్స్పెట్ నికల్ గురువారాలు ఎక్కుతుంది.
మా అమ్మ చేపలు కోసే షెడ్డుకి పోతే
నాలుగేళ్లు నన్ను మైండ్ చేసింది ఆవిడే:
పాలు కాచి, ముక్కు తుడిచి,
జేబులో బతికున్న ఎండ్రకాయని తెస్తే
వీపు మీద ఒక్కటి వేసి.

ఇప్పుడు పాసు చూపిస్తుంది,
ఏ డ్రైవరుకైనా చూపించినట్టే.
మొదట్లో అడిగేవాణ్ణి, "డు యు మైండ్ మీ, ఎల్స్పెట్?"
మర్యాదగా, కొంచెం బెరుగ్గా
"నో, నో, ఐ డోంట్ మైండ్ యూ" అనేది.
నువ్వు గుర్తు లేవనో,
నువ్వున్నా నాకేం ఇబ్బంది లేదనో.
ఏదన్నదో తేల్చుకోలేదు.
ఇప్పుడు అడగను. నెవర్ మైండ్.

నిన్న గార్డెన్‌స్టౌన్ దిగుడు దగ్గర గడ్డకట్టిన మంచు.
ఇంజన్ ఆపి, సీటు దిగి, మోచెయ్యి పట్టుకున్నాను.
"మైండ్ ద స్టెప్" అన్నాను.
ఆవిడ మెట్టు చూడలేదు.
ఊడి వేలాడుతున్న నా బూటు లేసు చూసింది.
వంగబోయింది. నడుం సాగలేదు.
"మైండ్ యువర్ లేసెస్, లూన్" అంది,
మా వైపు చంటి వెధవల్ని పిలిచే పిలుపుతో,
కోపంగా.
వెనక ఎవరో హారన్ కొట్టారు.

చేతితొడుగు ఒకటి సీట్లో ఉండిపోయింది.
పోయిన వస్తువుల పెట్టెలో వెయ్యాలి, రూలు.
వెయ్యలేదు.
హీటరు పక్కన, డాష్‌బోర్డు మీద
అయిదు వేళ్లూ చాపుకుని
గురువారం దాకా నా దగ్గరే.