నాలుగో గది

పంతొమ్మిదో దినం.
చెనక్కాయ పొట్టు మీద ఎర్రగా ఒక రెట్ట,
పక్కనే ఇంకోటి.
బంగారుపాళెం దాటినాక మా షెడ్డు.
కోళ్ళు కంపెనీవి, దాణా కంపెనీది,
కంపు మాత్రం మాది.

తిరుపతి పశువుల కాలేజీ నుంచి షబీనా వచ్చింది.
ఒకటో గది దాణాలో జింకు,
రెండోదాంట్లో జింకూ రాగీ,
మూడోదాంట్లో ఎప్పుడూ ఏసే మందు.
నాలుగోదానికి ఏమీ లేదు.
"ఏంటికి పాపా?" అంటే
"ఏమీ లేనిదాంతోనే గదక్కా పోల్చాల" అనింది.

అద్దంలో నన్నూ చూడమనింది.
గుండ్రంగా, సన్నంగా, అన్నీ గుడ్లే.
నలభై దినాలకే బండెక్కే కోడి
బతుకులో ఒక్క గుడ్డూ పెట్టదు.
దాని పేగులో కాపరముండేది మాత్రం
లక్షల్లో పెడతాంది.

పోయినేడు వానల్లో మనవడికి నీళ్ళ విరేచనాలు.
ఆశా వర్కరు ఇచ్చిన బిళ్ళలు
పద్నాలుగు దినాలు, స్పూన్లో కరిగించి పోసినా.
అట్ట మీది పేరు
ఇప్పుడు ఈ పిల్లతో చదివించుకుంటే
జింకే.

ఆ రాత్రి కరెంటు పోయింది.
సెల్లు వెలుతుర్లో నాలుగో గది.
రెక్కలు వేలాడేసి, ఒకదాన్నొకటి ఒత్తుకోని,
కండ్లు మూసుకోని నిలబడుండాయి.
సంచి మూతి విప్పిన చప్పుడుకు
ఒకటి మాత్రం తలెత్తింది.

ఆదివారం షబీనా రాస్తా రాస్తా ఆగిపోయింది.
"నాలుగో గదిలో తగ్గిందే, ఎట్లక్కా?"
తడిపొట్టు ఎత్తి కొత్తది పరిచినా గదమ్మా, అన్నా.
అదీ నిజమే.
కాయితంలో ఆ గడి ఖాళీగా పెట్టి
పెన్ను మూసింది.